ఫిన్నిష్ స్పిట్జ్ పిల్లని కొనాలనుకునేవాళ్ళకి: కుహ్మో బ్రీడర్ దగ్గర మా అనుభవం

ముందే చెప్పేస్తాను. కుహ్మో దగ్గరి ఈ బ్రీడర్ నుంచి ఫిన్నిష్ స్పిట్జ్ పిల్లని తెచ్చుకోవడం మేం ఫిన్లాండ్ వచ్చాక చేసిన మంచి పనుల్లో ఒకటి. సర్వీసుకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అయినా ఇది చదివేవాళ్ళలో ఎక్కువమందికి ఈ కుక్క వద్దనే చెబుతాను. రెండు మాటలకీ కారణం ఒకటే, ఈ కుక్క మొరుగుతుంది. అన్ని కుక్కలూ మొరుగుతాయి కదా అనకండి. దీనికి మొరగడమే ఉద్యోగం, బాగా మొరిగేవాటినే తరతరాలుగా ఏరి పెంచారు. ఆ సంగతి డబ్బు మాట ఎత్తకముందే మాకు సూటిగా చెప్పింది ఈ బ్రీడర్ ఒక్కరే. అందుకే ఓపిగ్గా ఇంత రాస్తున్నాను.

ఆవిడా, భర్తా ఇద్దరూ వేటగాళ్ళు, కైనూ ప్రాంతంలో, రష్యా సరిహద్దుకి దగ్గర్లో ఉంటారు. పేరు ఎక్కడా రాయవద్దన్నారు కాబట్టి రాయను. మేం వెతికి పట్టుకున్నది స్పిట్జ్ కుక్కల జాతీయ సంఘం వాళ్ళ పిల్లల జాబితాలో, ఆ జాబితా ఎవరైనా చూడొచ్చు. దానికి ముందు ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారుతో మాట్లాడాం. అతను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న, అడ్వాన్స్ ఎప్పుడు పంపుతారని. తల్లి ఫోటో అడిగితే పంపలేదు, కాగితాల గురించి అడిగితే ‘తర్వాత చూద్దాం’ అన్నాడు. అక్కడితో వదిలేశాం.

కుహ్మో ఆవిడ పద్ధతి వేరు. ఫోన్‌లో అరగంట పైనే మాట్లాడారు, అందులో ఎక్కువసేపు ప్రశ్నలు అడిగింది ఆవిడే. ఫ్లాటా, ఇల్లా? గోడ పక్కన ఎవరుంటారు? పగలు ఇంట్లో మనిషి ఉంటారా? ఇంతకుముందు కుక్కని పెంచారా? కుక్క పిలిస్తే రాకపోతే మీకు కోపం వస్తుందా? వేటాడతారా? మా ఇంట్లో ఎవరికీ వేట తెలియదు, తుపాకీ ముట్టుకున్నవాళ్ళు కూడా లేరు అని చెప్పాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, అలాంటి ఇంటికి ఇవ్వడం తనకి అలవాటు లేదనీ, ముందు వచ్చి పెద్ద కుక్కల దగ్గర ఒక పూట గడపమనీ, వాటి గొంతు విని మళ్ళీ ఆలోచించుకోమనీ అన్నారు. ఇంత చెప్పే బ్రీడర్ దొరకడం అదృష్టమే అనుకున్నాను, ఇప్పటికీ అదే మాట.

మేం బయల్దేరిన ఔలు నగరం నుంచి కుహ్మో కారులో మూడు గంటలు దాటుతుంది. కజాని వచ్చేదాకా రోడ్డు బాగానే ఉంటుంది, ఆ తర్వాత రెండు పక్కలా అడవీ, చెరువులే. ఇంటి గేటు ఇంకా కనిపించకముందే నాలుగు కుక్కల గొంతులు వినిపించాయి. దగ్గరికెళ్ళాక చూస్తే ఒక్కటి కూడా మీదికి రాలేదు. ఎర్ర బంగారు రంగు, నిక్కపొడుచుకున్న చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక, అచ్చం నక్క ముఖం. దూరంగా నిలబడి మమ్మల్ని చూస్తూ మొరిగి, ఆవిడ వచ్చి మాతో చేయి కలిపాక ఊరుకున్నాయి. ఆ తర్వాత కూడా వచ్చి ఒళ్ళో కూర్చోలేదు. ఒకటొకటిగా వచ్చి చెయ్యి వాసన చూసి వెళ్ళిపోయాయి. ఈ జాతి నాకు నచ్చింది సరిగ్గా అక్కడే. ఈ జాతి ప్రమాణ పత్రం (జాతి కుక్క ఎలా ఉండాలో చెప్పే అధికారిక వివరణ) కూడా ఇదే చెబుతుంది: ధైర్యం, పట్టుదల ఉంటాయి, కొత్తవాళ్ళతో కాస్త దూరం పాటిస్తుంది, కానీ కరిచే గుణం ఉండకూడదు. లాబ్రడార్ లాగా ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ నాకేసే కుక్క కావాలంటే ఇది అది కాదు.

పుట్టుపూర్వోత్తరాలు ఆవిడ వంటింటి బల్ల దగ్గర కాఫీ పోస్తూ చెప్పారు, ఇంటికొచ్చాక నేనూ కొంత చదివాను. ఫిన్లాండ్ తూర్పు, ఉత్తర భాగాల్లోనూ, ఫిన్లాండ్-రష్యా సరిహద్దుకి రెండు వైపులా ఉన్న కరేలియాలోనూ అడవి మీద బతికిన జనం దగ్గర ఇలాంటి చిన్న ఎర్ర కుక్కలు చాలాకాలంగా ఉన్నాయి. ఉడత తోళ్ళతో పన్ను కట్టిన రోజులు అవి. చెట్టు మీద ఉడతని కనిపెట్టి, మనిషి వచ్చేదాకా అక్కడే నిలబడి అరిచే కుక్క ఉంటే ఇల్లు గడిచేది. పంతొమ్మిదో శతాబ్దంలో రాకపోకలు పెరిగి, బయటి జాతి కుక్కలు ఊళ్ళలోకి వచ్చి కలిసిపోయి, ఆ శతాబ్దం చివరికి అసలు రకం దాదాపు మిగలని పరిస్థితి వచ్చింది. అప్పుడు హెల్సింకి నుంచి వచ్చిన ఇద్దరు అటవీ అధికారులు, హ్యూగో సాండ్‌బర్గ్, హ్యూగో రోస్, ఉత్తరాది పల్లెల్లో ఈ కుక్కల్ని చూసి మనసు పారేసుకున్నారు. సాండ్‌బర్గ్ 1890లో ‘స్పోర్టెన్’ అనే పత్రికలో వీటి గురించి రాశాడు. రోస్ దాదాపు 30 ఏళ్ళు వీటి పెంపకం మీదే ఉన్నాడు. జాతి కుక్కల్ని నమోదు చేసే సంఘం, ఫిన్నిష్ కెన్నెల్ క్లబ్, అప్పటికి కొత్తది, 1889లో పెట్టారు. మొదటి ప్రమాణ పత్రం 1892లో వచ్చింది. అప్పటికి ఫిన్లాండ్ స్వతంత్ర దేశం కూడా కాదు, రష్యా చక్రవర్తి కింద ఉండేది, 1917 వరకూ అంతే. 1979లో దీన్ని ఫిన్లాండ్ జాతీయ కుక్కగా ప్రకటించారు.

మూడు వేల ఏళ్ళ జాతి, ప్రాచీన జాతి అని రాసే సైట్లు చాలా ఉన్నాయి. నేను వాటి జోలికి పోను. వేట కుక్కలు పాతవే, కానీ కాగితం మీద వంశం మొదలయ్యేది ఆ 1890ల దగ్గరే. పల్లె పల్లె తిరిగి ఒక రకాన్ని నిలబెట్టిన ఆ ఇద్దరి కథే నాకు ఆ పెద్ద పెద్ద అంకెలకంటే గొప్పగా అనిపిస్తుంది.

ఇంకో సంగతి. సరిహద్దుకి అవతల రష్యాలోనూ ఇవే కుక్కలు ఉన్నాయి, వాళ్ళు కరేలో-ఫిన్నిష్ లైకా అనేవారు. మధ్యలో గీత వచ్చినా కుక్కలు మాత్రం ఒకే అడవి నుంచి వచ్చినవే. 2006లో రెండు దేశాల సంఘాలూ ఒప్పందం చేసుకుని రెండూ ఒకే జాతి అని కలిపేశాయి. సరిహద్దు దగ్గర ఉండే ఆ దంపతులు ఈ మాట చెప్పేటప్పుడు ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి.

ఇక వేట. పిల్లని తీసుకున్న తర్వాత వచ్చిన శరదృతువులో వాళ్ళు మమ్మల్ని అడవికి పిలిచారు, తుపాకీ లేకుండా వెనక నడవడానికి. ఈ కుక్క ఏమిటో అర్థం కావాలంటే అది చూసి తీరాలి. ఇక్కడ అడవికోళ్ళ వేట మామూలుగా సెప్టెంబర్ 10న మొదలవుతుంది. తల్లి కుక్కని వదిలారు, మెడలో జీపీఎస్ పట్టీ. అది క్షణంలో కంటికి కనబడకుండా పోయింది, చప్పుడు లేదు. వెతికేటప్పుడు ఇవి అసలు మొరగవు, అలా మొరిగితే పనికిరాని కుక్క కింద లెక్క. పెద్ద చుట్టు చుట్టి వస్తుంది, ఒకసారి మనవైపు చూసుకుంటుంది, మళ్ళీ పోతుంది. మేం నాచు మీద నడుస్తూ చాలాసేపు తిరిగాం. అప్పుడు ఎక్కడో దూరంగా ఒక్క అరుపు, మళ్ళీ ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. తర్వాత జోరు అందుకుంది, గుక్క తిప్పుకోకుండా, ఒకే శ్రుతిలో.

జరిగింది ఏమిటంటే, మెత్సో అనే పెద్ద అడవికోడిని అది నేల మీద నుంచి లేపింది. మగదైతే నాలుగు కిలోల బరువుండే పక్షి. అది ఎగిరి ఒక పైన్ చెట్టెక్కి కూర్చుంది. కుక్క చెట్టు కింద చేరి ముందు మెల్లగా మొరుగుతుంది, పక్షి బెదిరి లేచిపోకుండా. పక్షి కుదురుగా కూర్చుందని నమ్మకం కుదిరాక గొంతు పెంచుతుంది. అటూ ఇటూ కదులుతూ, తోక ఊపుతూ, పక్షి చూపంతా తన మీదే ఉండేలా చూసుకుంటుంది. ఆ అరుపుల చాటున వేటగాడు అవతలి వైపు నుంచి అడుగులో అడుగు వేసుకుంటూ వస్తాడు. ఆరోజు ఆవిడ భర్త దగ్గరికి రాకముందే పక్షి ఎగిరిపోయింది. కుక్క నోరు మూసుకుని దాని వెంట పరిగెత్తింది, కొంతసేపటికి ఇంకో చోట నుంచి మళ్ళీ అదే గొంతు. ఆయన విసుక్కోలేదు. వెనక్కి తిరిగి మా వైపు చూసి, అదీ కుక్కంటే, అన్నట్టు తల ఊపారు.

జోరు మీదున్నప్పుడు నిమిషానికి 160 అరుపుల దాకా వెళ్తాయని చెబుతారు. జీపీఎస్ పట్టీల్లో నిమిషానికి ఎన్ని అరుపులో లెక్కపెట్టి ఫోన్‌లో చూపించే సదుపాయం కూడా ఉంది. దీని మీద పోటీలు ఉన్నాయి, ఏడాదికోసారి జాతీయ స్థాయిలో గెలిచినదానికి ‘మొరుగుడు రాజు’ అని బిరుదిస్తారు. మనకి వింతగా ఉంటుందేమో కానీ అక్కడ దాన్ని చాలా గౌరవంగా చూస్తారు. అందం పోటీల్లో ఎంత నెగ్గినా అడవి పరీక్షలో ఫలితం లేకపోతే ఈ జాతికి ఫిన్లాండ్‌లో ఛాంపియన్ బిరుదు రాదు. నాకు ఈ నియమం బాగా నచ్చింది. ముఖం చూసి పెంచిన జాతులు ఏమైపోయాయో, ఊపిరాడక గురకపెట్టే పగ్‌లని చూస్తే తెలుస్తుంది.

ఇదంతా చూశాక ఇంట్లో బంగారి ప్రవర్తనకి (మా కుక్కకి మా ఇంటి పిల్ల పెట్టిన పేరు) కారణాలు ఒక్కొక్కటీ దొరికాయి. పిలిస్తే వెంటనే రాదు. మొండితనం అనుకుంటాం. కానీ మనిషి కంటికి కనిపించనంత దూరంలో, ఎవరూ చెప్పకుండా, ఎటు వెళ్ళాలో ఎప్పుడు అరవాలో తనే తేల్చుకునే కుక్కని కదా వాళ్ళు పెంచింది, ప్రతి పిలుపుకీ పరిగెత్తుకొచ్చే కుక్క చెట్టు కింద ఏం నిలుస్తుంది? ఒకే పని మూడుసార్లు చేయిస్తే నాలుగోసారి మొహం తిప్పుకుంటుంది. నేర్పేటప్పుడు కొంచెం కొంచెం, తినడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టుకుని, అది సరదాగా ఉన్నప్పుడే నేర్పాలి. గట్టిగా కసిరితే రోజంతా అలుగుతుంది. పైగా మనం అరిస్తే మనం కూడా దాంతో కలిసి మొరుగుతున్నామనుకుంటుంది, ఈ మాట బ్రీడర్ చెప్పారు, నూటికి నూరుపాళ్ళు నిజం.

ఆవిడ చెప్పిన ఉపాయం ఇది. కిటికీ దగ్గర మొరిగితే మొదటి రెండు మూడు అరుపులకి అడ్డు చెప్పొద్దు. దగ్గరికి వెళ్ళి, అదేం చూపిస్తోందో మీరూ చూసి, మెచ్చుకుని, ‘చాలు’ అని పక్కకి పిలిచి తినిపించండి. ఏ భాషలోనైనా ఫర్వాలేదు, ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి, అంతే. మా ఇంట్లో అది తెలుగే. ఇప్పుడు బంగారి ‘చాలు’ అంటే ఎక్కువసార్లు ఆగుతుంది. ఉడత కనబడితే మాత్రం ఆగదు. అది ఎప్పటికీ ఆగదు కూడా, ఆ ఆశ పెట్టుకోకండి.

మా అపార్ట్‌మెంట్ సంఘం నుంచి మొదట్లో ఒక ఉత్తరం వచ్చింది, రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా నిశ్శబ్దం పాటించాలని. చాలా టెన్షన్ పడ్డాం. పక్కింటావిడతో వెళ్ళి మాట్లాడి, కుక్కని ఒంటరిగా వదిలే సమయం తగ్గించి, కిటికీ కింది భాగానికి తెర అతికించాక సర్దుకుంది. ఇంట్లో ఇద్దరూ ఆఫీసుకి వెళ్ళి ఎనిమిది గంటలు తాళం పెట్టే ఇల్లయితే ఈ కుక్కని తీసుకోవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. దానికీ నరకం, పక్కవాళ్ళకీ నరకం.

మిగతా గుణాలు చకచకా చెప్పేస్తాను. పిల్లలతో చాలా బాగుంటుంది, ఆడుతుంది, ఇక చాలనుకుంటే లేచి వేరే గదిలోకి పోతుంది, అప్పుడు వదిలేయాలని పిల్లలకి నేర్పాలి. ఇంటివాళ్ళ మీద ప్రాణం పెడుతుంది, కానీ మీద పడి చూపించదు, మీరు ఏ గదిలో ఉంటే ఆ గది గుమ్మంలో పడుకుంటుంది. చిలకల్ని, కుందేళ్ళని పెంచుకునే ఇంట్లో వద్దు. ఆడకుక్క ఎత్తు 42 సెంటీమీటర్లకి అటూ ఇటూ, బరువు 7 నుంచి 10 కిలోలు, మగది 47 సెంటీమీటర్లు, 12-13 కిలోలు. ఒంటి వాసన దాదాపు ఉండదు, తన ఒళ్ళు తనే శుభ్రం చేసుకుంటుంది. జుట్టు మాత్రం ఏడాదికి రెండు విడతలు పోగులు పోగులుగా రాలుతుంది, ఆ వారాల్లో నల్ల ప్యాంటు వేసుకోలేం.

సర్వీసు దగ్గరికి మళ్ళీ వస్తాను. నాకు బాగా నమ్మకం కలిగించింది ఆరోగ్యం గురించి ఆవిడ మాట్లాడిన తీరు. ఈ జాతిలో మూర్ఛ జబ్బు ఉంది, అది దాచాల్సిన సంగతి కాదు. తల్లి తరఫు బంధువుల్లో ఒక కుక్కకి ఫిట్స్ వచ్చాయని మేం అడగకుండానే చెప్పి, అందుకే ఆ వైపు వంశాన్ని మళ్ళీ కలపడం లేదని వంశవృక్షం పరిచి చూపించారు. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే ఫలితాలు, కంటి పరీక్షలు, పోటీ ఫలితాలు కెన్నెల్ క్లబ్ డేటాబేస్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. నేను చూశాను, ఆవిడ చెప్పినదానికీ అక్కడ ఉన్నదానికీ తేడా లేదు. ఏ బ్రీడర్ దగ్గరికి వెళ్ళినా ముందు తల్లిదండ్రుల రిజిస్టర్ పేర్లు అడిగి అక్కడ వెతకండి. పేర్లు చెప్పడానికి వెనకాడితే ఫోన్ పెట్టేయండి.

చిప్ వేసి, రిజిస్టర్ చేసి, కెన్నెల్ క్లబ్ నమూనా కాంట్రాక్టు మీద సంతకాలు పెట్టి ఇచ్చారు. 2023 నుంచి ఫిన్లాండ్‌లో ప్రతి కుక్కకీ చిప్, ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదు తప్పనిసరి, యజమాని మారితే ఆ వివరం మార్పించడం మన బాధ్యత. ధర మా నెల అద్దెకంటే కాస్త ఎక్కువైంది. అమ్మిన తర్వాత కూడా మాట తప్పలేదు, మొదటి నెలల్లో మేం పంపిన ప్రతి పిచ్చి ప్రశ్నకీ జవాబు ఇచ్చారు, ఇప్పటికీ ఇస్తారు.

అర మార్కు తగ్గించింది ఎందుకంటే, వాళ్ళ కుక్కపిల్లలు ఎక్కువగా ఆరుబయట పాకలో, తల్లితో పెరుగుతాయి. అడవికి అది మంచిదే. కానీ లిఫ్టు, వాక్యూమ్ క్లీనర్, మెట్ల మీద పిల్లల పరుగులు, ఇవేవీ బంగారికి తెలియవు. మొదటి వారాలు లిఫ్టు తలుపు చప్పుడు వింటేనే వణికిపోయేది, ఎత్తుకుని మెట్లెక్కేవాళ్ళం. ఊళ్ళో ఫ్లాటుకి వెళ్తుందని తెలిసినప్పుడు ఇంటి చప్పుళ్ళు కొన్ని ముందే అలవాటు చేసి ఉంటే బాగుండేది. ఈ మాట ఆవిడకీ చెప్పాను, తర్వాతి కాన్పు పిల్లల్ని రోజూ కొంతసేపు వంటింట్లో ఉంచుతున్నానని ఫోటో పంపారు. ఇంకొకటి, తిండి గురించి ఇచ్చిన కాగితం మొత్తం ఫిన్నిష్‌లోనే ఉంది, ఫోన్‌లో తర్జుమా చేసుకుని చదువుకున్నాం. అది పెద్ద లోటు కాదు.

కొత్తగా వచ్చిన మనవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇక్కడ అడవిలో ఎవరైనా నడవొచ్చు, పళ్ళు ఏరుకోవచ్చు, కాబట్టి కుక్కని కూడా వదిలేయొచ్చు అనుకుంటారు. అలా కాదు. మార్చి 1 నుంచి ఆగస్టు 19 దాకా కుక్కని గొలుసుతోనే ఉంచాలి, పక్షులు, జంతువులు పిల్లల్ని పెట్టే కాలం. మిగతా రోజుల్లో కూడా ఆ నేల మీద వేట హక్కు ఉన్నవాళ్ళ అనుమతి కావాలి. బంగారి స్వేచ్ఛగా పరిగెత్తేది ఆ దంపతుల అడవిలోనే, శరదృతువులో, వాళ్ళ కళ్ళముందే. అక్కడ కూడా ఆయన ముందు తోడేళ్ళ జాడ ఉందేమో కనుక్కుంటారు. తూర్పు వైపు తోడేళ్ళు వేట కుక్కల్ని చంపిన సందర్భాలు ఉన్నాయి, మొరుగుతూ ఒక్కచోటే నిలబడే కుక్క ఎక్కడుందో అడవంతటికీ తెలిసిపోతుంది కదా. వాళ్ళ కుక్కలకి తోడేలు కాటు ఆపే గట్టి జాకెట్లు ఉన్నాయి. తన కుక్కని వదిలిన ప్రతిసారీ ఆయన పడే ఆందోళన చూశాక వేటగాళ్ళ మీద నాకున్న అభిప్రాయం చాలా మారింది.

హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి చుట్టాలు ఫోటోలు చూసి, మాకూ ఒకటి తెప్పించండి అంటున్నారు. దయచేసి వద్దు. దట్టమైన రెండు పొరల జుట్టు మంచు కోసం వచ్చింది, మే నెల ఎండలో ఏసీ గదికి కట్టేసి ఉంచితే ఈ కుక్క బతుకు బతుకు కాదు. మన ఇళ్ళలో పమేరియన్ అని పిలిచే తెల్ల కుక్క, ఇండియన్ స్పిట్జ్, ముఖం కొంచెం కలిసినా మన వాతావరణంలో తరాలుగా అలవాటుపడిన ఇంటి కుక్క. స్పిట్జ్ ముఖమే ముచ్చటైతే దాన్ని పెంచుకోండి, లేదా వీధిలో పుట్టిన పిల్లని తెచ్చుకోండి.

ఫిన్లాండ్‌లోనే ఉండి, సొంత ఇల్లో రో హౌసో ఉండి, పగలు మనిషి ఉండి, శరదృతువులో వారాంతాలు అడవికి ఇవ్వగలిగినవాళ్ళు మాత్రం సంఘం జాబితా చూసి, వెళ్ళి పెద్ద కుక్కల గొంతు విని నిర్ణయించుకోండి. ఆవిడకి ఫోన్ చేయాలంటే వసంతంలో చేయండి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఫోన్ ఎత్తరు, ఇద్దరూ అడవిలో ఉంటారు. మెసేజ్ పెడితే చీకటి పడ్డాక జవాబు వస్తుంది, ఇంటి గోడల గురించి, పక్కింటివాళ్ళ గురించి ముందే రాస్తే ఇంకా త్వరగా వస్తుంది.